కణితికి రక్తం అందకుండా ఆపే మందులు: ఆరోగ్యశ్రీ లబ్ధిదారులు తెలుసుకోవాల్సిన విషయాలు

మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా? డాక్టర్ రాసిన చీటీలో బెవాసిజుమాబ్, సొరాఫెనిబ్, సునిటినిబ్, పజోపనిబ్, లెన్వాటినిబ్ లాంటి పేరు ఏదైనా కనిపించిందా? అయితే ఈ పేజీలు మీకోసమే. పూర్తిగా చదవండి. చదవడం రాని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లకు చదివి వినిపించండి.

ఒక సోమవారం ప్రజావాణిలో ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చారు. ఆయన భార్యకు పెద్దపేగు క్యాన్సర్. అప్పటికే కాలేయానికి పాకింది. చేతిలో దవాఖాన ఫైలు పట్టుకుని అడిగారు: "సార్, ఈ సూది రక్తం బంద్ చేస్తదట. రక్తం బంద్ అయితే మనిషి ఎట్ల బతుకుతది? వద్దని ఇంటికి తీస్కపోదామనుకుంటున్న. మా తమ్ముడేమో ఎకరం అమ్మయినా ఇప్పిద్దామంటున్నడు. ఏం చెయ్యమంటరు?"

ఆయన అడిగినవి నిజానికి రెండు ప్రశ్నలు. ఈ మందు ఒంట్లో ఏం చేస్తుంది? దానికోసం భూమి అమ్ముకోవాలా? నేను డాక్టర్‌ని కాను, చదివింది జర్నలిజం. ఆ రోజు ఆయన్ని ఆరోగ్యమిత్రతో మాట్లాడించి పంపాను. ఆ తర్వాత క్యాన్సర్ డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. ఇదే ప్రశ్న ఇంకా చాలా ఇళ్లలో ఉంటుందని నాకు తెలుసు.

ఈ మందు ఏం చేస్తుంది?

మొదట అసలు సమాధానం. ఈ మందు ఒంట్లో తిరిగే రక్తాన్ని ఆపదు. కణితి తనకోసం కొత్తగా మొలిపించుకునే సన్న రక్తనాళాలను అడ్డుకుంటుంది.

మన ఒంట్లో ప్రతి కణానికీ గాలి, ఆహారం రక్తం ద్వారానే అందాలి. అందుకే ప్రతి కణానికీ దగ్గర్లో వెంట్రుక కన్నా సన్నని రక్తనాళం ఒకటి ఉంటుంది. క్యాన్సర్ కణాలకూ ఇదే సూత్రం. కణితి మొదట పుట్టినప్పుడు దానికి సొంత రక్తనాళాలు ఉండవు. అప్పుడది ఒకటి రెండు మిల్లీమీటర్లు, అంటే ఆవగింజంత వరకే పెరగగలదు. అంతకుమించి పెరగాలంటే దానికి రక్తం కావాలి.

ఆ దశలో గాలి అందక ఉక్కిరిబిక్కిరి అయ్యే క్యాన్సర్ కణాలు ఒక ప్రొటీన్‌ను బయటికి వదులుతాయి. దాని పేరు వీఈజీఎఫ్. రక్తనాళాలను మొలిపించడమే దాని పని. అది పక్కనున్న మంచి రక్తనాళం గోడకు తగులుతుంది. తగలగానే ఆ నాళం నుంచి కొత్త కొమ్మలు మొలిచి కణితి వైపు పెరుగుతాయి. అక్కడి నుంచి కణితి వేగంగా పెద్దదవుతుంది. అదే నాళాల దారిలో కొన్ని కణాలు రక్తంలో కలిసి కాలేయానికో ఊపిరితిత్తులకో చేరుతాయి.

వ్యవసాయం చేసేవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పెద్ద కాలువకు రాత్రికి రాత్రి గండి కొట్టి తన మడికి నీళ్లు మళ్లించుకునేవాడు ఉంటాడు కదా, కణితి చేసేది అదే పని. మనం కాలువ మొత్తం ఆపితే ఊరి పొలాలన్నీ ఎండుతాయి. అందుకే కాలువ జోలికి పోకుండా ఆ గండిని మూసే ప్రయత్నం చేస్తాం. ఈ మందుల పని అది.

ఇవి రెండు రకాలు. సూది మందు బెవాసిజుమాబ్ వీఈజీఎఫ్ ప్రొటీన్‌ను దారిలోనే పట్టేస్తుంది, రక్తనాళం దాకా పోనివ్వదు. రెండో రకం బిళ్లలు: సొరాఫెనిబ్, సునిటినిబ్, పజోపనిబ్, లెన్వాటినిబ్ వంటివి. ఆ ప్రొటీన్ వచ్చి తగిలినా రక్తనాళం కణంలో తర్వాతి పని మొదలుకాకుండా ఇవి ఆపుతాయి.

కీమోకు, దీనికి తేడా ఏమిటి?

కీమో మందులు వేగంగా విభజన చెందే కణాలను నేరుగా చంపుతాయి. అందుకే జుట్టు ఊడడం, నోటి పూత, వాంతులు వస్తాయి. ఆ కీమో కథలో మన తెలుగువారి పాత్ర ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం అమినాప్టెరిన్ అనే మందు తయారుచేసింది. దాన్ని బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, ఫలితాలను 1948లో ప్రకటించారు. ఈ రోజు వాడే కీమోకు అది ఒక మొదలు.

అదే బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో తర్వాత జూడా ఫోక్‌మన్ అనే సర్జన్ వచ్చారు. క్యాన్సర్ కణాన్ని చంపడమే ఎందుకు, దానికి రక్తం అందకుండా చేస్తే సరిపోదా అని ఆయన 1971లో ఒక వైద్య పత్రికలో రాశారు. అప్పట్లో చాలామంది శాస్త్రవేత్తలు నమ్మలేదు. 1989లో అమెరికాలోనే నెపోలియన్ ఫెరారా అనే శాస్త్రవేత్త వీఈజీఎఫ్ ప్రొటీన్‌ను వేరుచేసి, ఆ పేరు పెట్టారు. దాన్ని పట్టే మందు బెవాసిజుమాబ్‌కు 2004 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. అంటే ఆలోచన వచ్చాక మందు చేతికి రావడానికి 33 ఏళ్లు పట్టింది.

ఈ మందు కణాన్ని నేరుగా చంపేది కాదు కాబట్టి చాలా క్యాన్సర్లలో బెవాసిజుమాబ్‌ను కీమోతో కలిపి ఇస్తారు. ఇందులో ఇంకో లాభం కూడా ఉందని రాకేశ్ జైన్ అనే భారతీయ సంతతి శాస్త్రవేత్త 2001లో వివరించారు. కణితిలో మొలిచిన నాళాలు వంకరటింకరగా, కారుతూ ఉంటాయి. కీమో మందు కణితి లోపలి దాకా సరిగా పోదు. వీఈజీఎఫ్‌ను తగ్గిస్తే కొంతకాలం ఆ నాళాలు కాస్త సరిగ్గా పనిచేస్తాయి, కీమో లోపలికి చేరుతుంది. అందుకే "రక్తం ఆపే మందు ఇస్తూ మళ్లీ రక్తంలోకి కీమో ఎందుకు ఎక్కిస్తున్నారు" అని కంగారు పడకండి.

దీంతో క్యాన్సర్ పూర్తిగా పోతుందా?

ఈ ప్రశ్నకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఒంట్లో వేరే చోట్లకు పాకిన క్యాన్సర్‌లో ఈ మందు చాలామందికి రోగాన్ని పూర్తిగా తీసేయదు. పెరుగుదలను నెమ్మది చేస్తుంది. కొంత కాలాన్ని ఇస్తుంది. ఆ కాలం ఎంతో తెలిస్తేనే కుటుంబం సరిగ్గా నిర్ణయం తీసుకోగలదు.

2004లో ప్రచురించిన పెద్ద పరీక్షలో, పాకిన పెద్దపేగు క్యాన్సర్ ఉన్నవాళ్లను రెండు గుంపులు చేశారు. కీమో మాత్రమే తీసుకున్నవాళ్లలో మధ్యస్థ ఆయుష్షు 15.6 నెలలు. కీమోతోపాటు బెవాసిజుమాబ్ తీసుకున్నవాళ్లలో 20.3 నెలలు. మధ్యస్థం అంటే, వందమందిని వరుసలో నిలబెడితే సరిగ్గా నడిమధ్యలో ఉన్న మనిషి లెక్క. సగంమంది అంతకన్నా తక్కువ కాలం ఉన్నారు, సగంమంది అంతకన్నా ఎక్కువ కాలం ఉన్నారు. మీ ఇంట్లో మనిషి ఏ సగంలో ఉంటారో ముందే ఎవరూ చెప్పలేరు.

ముదిరిన కాలేయ క్యాన్సర్‌లో సొరాఫెనిబ్ బిళ్లల పరీక్ష 2008లో వచ్చింది. మందు లేనివాళ్లలో 7.9 నెలలు, ఉన్నవాళ్లలో 10.7 నెలలు. అంటే దాదాపు మూడు నెలలు ఎక్కువ. ముదిరిన లేదా తిరగబెట్టిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో కీమోకు బెవాసిజుమాబ్ కలిపితే 13.3 నెలలు 17 నెలలైంది.

ఈ అంకెలు చిన్నవా పెద్దవా అన్నది మీ ఇంటికే తెలుస్తుంది. కూతురి పెళ్లి చూడాలనుకునే తల్లికి నాలుగు నెలలు చాలా పెద్దవి. కానీ "ఈ సూది ఇస్తే నయమైపోతుంది" అని ఎవరైనా చెబితే, ఆ మాట మీద భూమి అమ్మకండి.

అందరికీ ఇది పనిచేయదు కూడా. రొమ్ము క్యాన్సర్‌కు బెవాసిజుమాబ్ వాడేందుకు అమెరికా 2008లో ఇచ్చిన అనుమతిని 2011లో వెనక్కి తీసుకుంది. ఆయుష్షు పెరిగినట్టు రుజువు కాలేదు, దుష్ప్రభావాలు మాత్రం ఉన్నాయి. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి గడ్డ పూర్తిగా తీసేశాక ముందుజాగ్రత్తగా ఇచ్చి చూశారు, అక్కడా లాభం కనిపించలేదు. అందుకే మీ పక్క మంచం పేషెంట్‌కు ఇస్తున్న సూది మీకు రాయలేదంటే డాక్టర్ మిమ్మల్ని చిన్నచూపు చూసినట్టు కాదు. మీ రోగానికి అది అవసరం లేకపోవచ్చు. అనుమానం ఉంటే డాక్టర్‌నే అడగండి.

1998లో ఎలుకల్లో ఇలాంటి మందులు గొప్పగా పనిచేశాయని అమెరికా పత్రికలు పెద్ద అక్షరాల్లో రాశాయి. క్యాన్సర్ ఇక పోయినట్టే అని జనం ఆసుపత్రులకు ఫోన్లు చేశారు. ఎలుకల్లో కనిపించినంత ఫలితం మనుషుల్లో రాలేదు. పత్రికలో పనిచేసినవాడిగా నాకిది పాఠం. వాట్సాప్‌లో "క్యాన్సర్‌కు మందు దొరికింది" అని వచ్చినప్పుడు మీరు కూడా ఇది గుర్తుపెట్టుకోండి.

హైదరాబాద్ మందు, తగ్గిన ధర

సొరాఫెనిబ్ బిళ్లలను మొదట బేయర్ అనే విదేశీ కంపెనీ అమ్మేది. నెలకు 120 బిళ్లలు, ధర సుమారు 2 లక్షల 80 వేల రూపాయలు. అప్పట్లో పేటెంట్ ఉన్నందున వేరేవాళ్లు తయారుచేయడానికి వీలుండేది కాదు. 2012 మార్చిలో భారత పేటెంట్ల కంట్రోలర్ ఒక కీలక నిర్ణయం తీసుకున్నారు. ఈ ధర ప్రజలకు అందుబాటులో లేదు కాబట్టి హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మాకు తయారీ అనుమతి ఇస్తున్నట్టు ఆదేశించారు. దీన్ని తప్పనిసరి లైసెన్సు అంటారు. మన దేశంలో అలాంటి లైసెన్సు అదే మొదటిది. నాట్కో అదే 120 బిళ్లలను 8,880 రూపాయలకు అమ్మాలని, బేయర్‌కు రాయల్టీ కట్టాలని అప్పట్లో షరతు పెట్టారు. బేయర్ పై కోర్టుల దాకా వెళ్లింది. 2014 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు.

బెవాసిజుమాబ్ కూడా ఇప్పుడు ఒక్క కంపెనీది కాదు. హైదరాబాద్ కంపెనీలైన హెటెరో, డాక్టర్ రెడ్డీస్ సహా పలు భారతీయ కంపెనీలు దీనికి సమానమైన మందులు తెచ్చాయి. వీటిని బయోసిమిలర్లు అంటారు.

మీకు దీంతో పనేమిటంటే, ఒకే మందుకు పది బ్రాండ్ పేర్లు, పది ధరలు ఉంటాయి. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండేది బ్రాండ్ పేరు. దాని కింద చిన్న అక్షరాల్లో ఉండేది అసలు మందు పేరు. బయట కొనాల్సి వస్తే, "ఇదే మందు తక్కువ ధరలో వేరే కంపెనీది ఉందా, వాడొచ్చా" అని డాక్టర్‌ను నోరు తెరిచి అడగండి. అడగడం తప్పు కాదు. డాక్టర్‌కు చెప్పకుండా మీరే మార్చడం మాత్రం వద్దు.

మందు ఎలా ఇస్తారు?

బెవాసిజుమాబ్‌ను సెలైన్‌లో కలిపి నరానికి ఎక్కిస్తారు. మోతాదు పేషెంట్ బరువును బట్టి ఉంటుంది. రెండు వారాలకు ఒకసారి లేదా మూడు వారాలకు ఒకసారి ఇస్తారు. మొదటిసారి గంటన్నర పడుతుంది. ఒంటికి పడితే తర్వాత గంట, ఆపై అరగంటలో అయిపోతుంది.

సొరాఫెనిబ్ సాధారణంగా పొద్దున రెండు, సాయంత్రం రెండు బిళ్లలు. తిండికి గంట ముందు, లేదా తిన్న రెండు గంటల తర్వాత వేసుకోవాలి. సునిటినిబ్‌ను చాలామందికి నాలుగు వారాలు ఇచ్చి రెండు వారాలు ఆపుతారు. ఆ రెండు వారాల విరామం కూడా చికిత్సలో భాగమే. మందు అయిపోయిందని, దవాఖానవాళ్లు మర్చిపోయారని అనుకోకండి. అలాగే ఒక రోజు బిళ్ల మర్చిపోతే మర్నాడు రెండు కలిపి మింగకండి.

ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

కొత్త రక్తనాళాలు కణితికే కాదు, మన ఒంటికీ కొన్ని పనుల కోసం కావాలి. గాయం మానాలంటే కావాలి. కడుపులో బిడ్డ పెరగాలంటే కావాలి. ఉన్న రక్తనాళాలు ఆరోగ్యంగా ఉండడానికి కూడా వీఈజీఎఫ్ కొంత అవసరం. ఈ మందు వల్ల వచ్చే ఇబ్బందులన్నీ ఇక్కడి నుంచే వస్తాయి. కారణం తెలిస్తే జాగ్రత్త గుర్తుంటుంది.

1. బీపీ. ఈ మందుల్లో దాదాపు అన్నిటికీ బీపీ పెరిగే గుణం ఉంది. పెరిగినట్టు పేషెంట్‌కు తెలియకపోవచ్చు. పల్లె దవాఖానలో గానీ, ఏఎన్ఎం దగ్గర గానీ వారానికి ఒకసారైనా బీపీ చూపించుకోండి. అంకెలు ఒక నోటుబుక్కులో తేదీతో రాసి, ప్రతిసారీ డాక్టర్‌కు చూపించండి. 150/100 దాటితే అదే రోజు ఆసుపత్రికి ఫోన్ చేయండి. బీపీ బిళ్ల వేసుకుంటూ క్యాన్సర్ మందు కొనసాగించడం చాలామందికి సాధ్యమే. బీపీ పెరిగిందని భయపడి మీరే మందు ఆపొద్దు.

2. మూత్ర పరీక్ష. మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో చూడడానికి అప్పుడప్పుడూ పరీక్ష రాస్తారు. కాళ్లు, ముఖం ఉబ్బినా, మూత్రం బాగా నురగ వచ్చినా చెప్పండి.

3. ఆపరేషన్లు, పళ్లు పీకడం. ఇది చాలా ముఖ్యం. బెవాసిజుమాబ్ తీసుకుంటున్నప్పుడు గాయం త్వరగా మానదు. పెద్ద ఆపరేషన్‌కు కనీసం 28 రోజుల ముందు సూది ఆపుతారు. ఆపరేషన్ తర్వాత కనీసం 28 రోజులు గడిచి, గాయం పూర్తిగా మానాకే మళ్లీ మొదలుపెడతారు. పన్ను పీకించుకోవాలన్నా, గడ్డ కోయించుకోవాలన్నా ముందు క్యాన్సర్ డాక్టర్‌కు చెప్పండి. పంటి డాక్టర్‌కు కూడా ఈ మందు పేరు చెప్పండి.

4. రక్తస్రావం. ముక్కు నుంచి కొద్దిగా రక్తం రావడం చాలామందిలో ఉంటుంది. ముందుకు వంగి కూర్చుని, ముక్కు మెత్తని భాగం పది నిమిషాలు నొక్కి పట్టుకుంటే ఆగుతుంది. ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లండి. ఒళ్లునొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గర సూదులు వేయించుకోవద్దు, మెడికల్ షాపులో నొప్పి బిళ్లలు సొంతంగా కొనొద్దు. వాటిలో కొన్ని రక్తస్రావాన్ని, బీపీని పెంచుతాయి.

5. అరచేతులు, అరికాళ్లు. సొరాఫెనిబ్, సునిటినిబ్ బిళ్లలతో అరికాళ్లు ఎర్రబడి మండొచ్చు, చర్మం ఊడొచ్చు. చేలో చెప్పుల్లేకుండా నడవొద్దు. మెత్తటి చెప్పులు వేసుకోండి, వేడినీళ్లు తగ్గించండి, డాక్టర్ రాసిన క్రీము రాయండి. నడవలేనంత అయ్యేవరకు ఓర్చుకోకుండా ముందే చెబితే మోతాదు సర్దుతారు.

6. నీరసం, విరేచనాలు. సునిటినిబ్ లాంటి బిళ్లలతో థైరాయిడ్ తగ్గి నీరసం రావొచ్చు. రక్తపరీక్షతో తెలుస్తుంది, బిళ్లతో సరిచేస్తారు.

7. గర్భం. మందు తీసుకునే కాలంలోనూ, బెవాసిజుమాబ్ అయితే చివరి సూది తర్వాత ఆరు నెలల వరకూ గర్భం రాకుండా చూసుకోవాలి. బిడ్డకు ప్రమాదం. సిగ్గుపడకుండా డాక్టర్‌తో మాట్లాడండి.

కింది వాటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేయండి: ఒక్కసారిగా వచ్చిన తీవ్రమైన కడుపునొప్పి, రక్తపు వాంతి, దగ్గితే రక్తం, తారులా నల్లటి విరేచనం, ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకరపోవడం, ఒక చెయ్యి లేదా కాలు పడిపోవడం, భరించలేని తలనొప్పితో చూపు మసకబారడం. ఒక కాలు మాత్రమే వాచి నొప్పిగా ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. అంబులెన్స్ సిబ్బందికి పేషెంట్ వాడుతున్న మందు పేరు చెప్పండి. ఆ పేరు ఒక చీటీ మీద రాసి రేషన్ కార్డుతోపాటు పెట్టుకుంటే మంచిది.

ఆరోగ్యశ్రీలో ఏం చేయాలి?

తెలంగాణలో అర్హత ఉన్న కుటుంబానికి రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు వైద్యం ఉచితం. ఈ పరిమితి 2023 డిసెంబర్ 9 నుంచి అమల్లో ఉంది. క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ ప్యాకేజీలు ఇందులో ఉన్నాయి. ప్యాకేజీలు రోగాన్ని బట్టి, మందును బట్టి విడివిడిగా ఉంటాయి. ఒకే మందు ఒక క్యాన్సర్‌కు ఉండి, ఇంకో క్యాన్సర్‌కు లేకపోవచ్చు. అందుకే వరుసగా ఇలా చేయండి.

మొదట, రేషన్ కార్డు, ఆధార్, బయాప్సీ రిపోర్టు, స్కానింగ్ రిపోర్టులు ఒక ఫైల్లో పెట్టుకోండి. అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచి జిరాక్సులు ఇవ్వండి.

రెండు, నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్‌కు వెళ్లండి. మందు పేరు, రోగం పేరు చూపించి, "ఈ రోగానికి ఈ మందు ప్యాకేజీలో ఉందా" అని సూటిగా అడగండి. డబ్బు కట్టకముందే అడగాలి. ముందు కట్టేసి తర్వాత అడిగితే తిరిగి రాబట్టుకోవడం కష్టం.

మూడు, ప్యాకేజీలో ఉంటే ఆసుపత్రివాళ్లు ముందస్తు అనుమతికి పంపుతారు. ఇది సాధారణంగా ప్రతి సైకిల్‌కూ ఉంటుంది. కాబట్టి చెప్పిన తేదీకి రెండు రోజుల ముందే ఫోన్ చేసి అనుమతి వచ్చిందో లేదో కనుక్కుని బయల్దేరండి. బస్సు ఖర్చు, ఒక రోజు కూలి మిగులుతాయి.

నాలుగు, ప్యాకేజీలో లేకపోతే ఆ మాట డాక్టర్‌కు చెప్పండి. ప్యాకేజీలో ఉన్న వేరే చికిత్స మీకు సరిపోతుందేమో అడగండి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిది, అక్కడా చూపించుకోవచ్చు. నిమ్స్ లాంటి చోట చికిత్స అయితే ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ముందుగానే ఎల్‌ఓసీ కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. ఆసుపత్రి ఇచ్చిన ఖర్చు అంచనా కాగితం దీనికి తప్పనిసరి.

ఐదు, ప్యాకేజీలో ఉన్న వైద్యానికి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. 104కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి.

తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: గడ్డ చిన్నది కాలేదు, అలాగే ఉంది. మందు పనిచేయనట్టేనా?
జవాబు: కాదు. పెరగకుండా ఉండడం కూడా ఈ మందు పనిచేస్తున్నట్టు లెక్కే. స్కానింగ్ చూసి డాక్టర్ నిర్ణయిస్తారు.

ప్రశ్న: కొన్నాళ్లు బాగుండి మళ్లీ పెరిగింది. తప్పు మాదేనా?
జవాబు: కాదు. ఒక గండి మూస్తే కణితి ఇంకోచోట గండి కొడుతుంది. వేరే ప్రొటీన్లతో రక్తనాళాలు తెచ్చుకుంటుంది. అది రోగం గుణం. అప్పుడు వేరే మందుకు మారతారు.

ప్రశ్న: రక్తనాళాలు ఆపే ఆకుపసరు, పొడి ఉందంటున్నారు. వాడొచ్చా?
జవాబు: సొరచేపలకు క్యాన్సర్ రాదని, వాటి మృదులాస్థి పొడి కణితికి రక్తం ఆపుతుందని 1990లలో అమెరికాలో బాగా అమ్మారు. సొరచేపలకూ క్యాన్సర్ వస్తుంది. ఆ మృదులాస్థి నుంచి తీసిన మందును ఊపిరితిత్తుల క్యాన్సర్ పేషెంట్లకు ఇచ్చి పరీక్షిస్తే లాభం కనిపించలేదు. మీకు చెప్పే పొడిలో ఏముందో తెలియదు, అది మీ బిళ్లలతో కలిసి ఏం చేస్తుందో అసలే తెలియదు. వాడుతుంటే దాచకుండా డాక్టర్‌కు చెప్పండి. ఆయన తిడతారని భయపడొద్దు.

ప్రశ్న: షుగర్ ఉన్న మా నాన్నకు కంట్లో ఇదే బెవాసిజుమాబ్ సూది వేశారు. ఆయనకు క్యాన్సర్ ఉందా?
జవాబు: లేదు. షుగర్ వల్ల కంటి లోపల అక్కర్లేని రక్తనాళాలు మొలిచినా, నీరు ఊరినా ఇదే మందును అతి తక్కువ మోతాదులో కంట్లో ఇస్తారు.

డాక్టర్‌ను అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

ఫోన్‌లో ఈ పేజీ దాచుకుని, డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు చూసి అడగండి.

ఈ మందు నయం చేయడానికా, కాలం పెంచడానికా?
మా మనిషికి ఉన్న రోగంలో దీనివల్ల ఎంత తేడా ఉండొచ్చు?
ఎన్ని సైకిళ్ల తర్వాత స్కానింగ్ చేసి చూస్తారు? పనిచేయకపోతే తర్వాత ఏమిటి?
ఇది ఆరోగ్యశ్రీలో ఉందా? లేకపోతే ఉన్నవాటిలో ఏది మాకు సరిపోతుంది?

మొదట చెప్పిన పెద్దాయన ఈ నాలుగు ప్రశ్నలూ అడిగారు. డాక్టర్ దాచకుండా చెప్పారు: నయం కాదు, కొంత కాలం రావొచ్చు అని. కీమో ప్యాకేజీలో వచ్చింది, సూదికి సహాయ నిధి నుంచి ఎల్‌ఓసీ వచ్చింది. మూడో సైకిల్ తర్వాత బీపీ పెరిగితే వాళ్ల ఊరి ఏఎన్ఎం పట్టుకుంది. బిళ్ల మొదలుపెట్టి చికిత్స సాగించారు. ఆమె ఏడాదిన్నర పైన ఉన్నారు. అందులో ఎక్కువ రోజులు ఇంట్లోనే, తన పని తాను చేసుకుంటూ ఉన్నారు. ఆమె పోయాక ఒక సోమవారం ఆయన మళ్లీ కలెక్టరేట్‌కు వచ్చారు, ఈసారి పింఛను కాగితం కోసం. "ఎకరం అమ్మలేదు సార్. ఆమెనే వద్దన్నది. ఆ ఎకరంల ఈసారి కంది వేసిన" అన్నారు.

తెలిసి నిర్ణయం తీసుకోండి. తీసుకున్నాక మధ్యలో వదలకండి. సందేహం ఉంటే 104కు ఫోన్ చేయండి, లేదా మీ నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి. ఈ పీడీఎఫ్‌ను మీ ఊరి గ్రూపులో, మీ ఆశా కార్యకర్తకు పంపండి.

గమనిక: ఇది సమాచారం కోసం రాసింది. మందు మొదలుపెట్టడం, ఆపడం, మార్చడం మీ క్యాన్సర్ డాక్టర్ చెప్పినట్టే చేయాలి.

జిల్లా పౌర సంబంధాల అధికారి